టాప్ మూసే ఉంది, లోపల కార్పెట్ తడి! కన్వర్టిబుల్ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

నీలిమేఘం:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక సాఫ్ట్‌టాప్ తీసుకున్నాను. నాలుగు సీట్లు, గుడ్డ టాప్, వెనక గాజు అద్దం, బటన్ నొక్కితే దానంతటదే ముడుచుకునే రకం. బండి చాలా నచ్చింది, చాలా ఏళ్లు ఉంచుకోవాలనే కొన్నాను.

సమస్య ఏంటంటే, గట్టి వాన పడిన మర్నాడు డ్రైవర్ సీటు వెనక కార్పెట్ మీద చెయ్యి పెడితే తడి తగులుతోంది. పైన లైనింగ్ మాత్రం ఎక్కడా తడవలేదు, మరక కూడా లేదు. షెడ్డులో చూపిస్తే, "గుడ్డ పాతబడింది, కుట్ల వెంట సిలికాన్ పూద్దాం, అప్పటికీ ఆగకపోతే టాప్ మొత్తం మార్చాలి" అన్నారు. మార్చడమంటే చిన్న ఖర్చు కాదు. పైగా టాప్ తెరుచుకునేటప్పుడు కుడి పక్క కాస్త వెనకబడుతోంది.

ఆ పూత పూయించాలా వద్దా? అలాగే ఇలాంటి బండి కడగడం, ఎండలో ఉంచడం, టాప్ ఎప్పుడు తెరవొచ్చు, ఎప్పుడు కూడదు... మామూలు కారుకు అక్కర్లేని జాగ్రత్తలు దీనికి ఏమేం ఉంటాయో తెలిసినవాళ్లు రాస్తే మేలు చేసినవాళ్లవుతారు.

స్పానర్_మాస్టర్:

నీలిమేఘం గారూ, సిలికాన్ జోలికి పోవద్దు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఒకసారి సిలికాన్ గుడ్డలోకి ఇంకితే మళ్లీ రాదు, రేపు నిజంగా కుట్టు విడిపోయినా దాని మీద ఏ జిగురూ పట్టదు.

ముందు నీళ్లు ఎటు పోతాయో చూడండి. చాలామంది టాప్ అంటే మూత అనుకుంటారు, నీటిని పూర్తిగా బయటే ఆపేస్తుందనుకుంటారు. అలా తయారుచేయరు. టాప్ మీద పడిన వాన వెనక్కీ పక్కలకీ జారి, టాప్‌కీ బాడీకీ మధ్య ఉన్న ఒక కాలువలోకి దిగుతుంది. అంటే నీళ్లు బండి లోపలికి రావడం డిజైన్‌లోనే ఉంది. ఆ కాలువ చివర రెండు పక్కలా రంధ్రాలుంటాయి. వాటికి తగిలించిన గొట్టాలు బాడీ లోపలి నుంచి వెళ్లి, చాలా మోడళ్లలో వెనక చక్రానికి కాస్త ముందు, కారు అడుగున తేలతాయి. ఆ దారి బాగున్నంత కాలం ఎంత వాన పడినా మీకు తెలియదు.

ఆకులు, పూలరేకులు, రోడ్డు దుమ్ము, గుడ్డ నుంచి రాలిన నూగు, ఇవన్నీ ఆ కాలువలోనే చేరతాయి. తడిసి, ఎండి, మళ్లీ తడిసి రంధ్రం దగ్గర నల్లటి ముద్దగా బిగుసుకుంటాయి. అప్పుడు కాలువ నిండి పొర్లుతుంది. పొర్లిన నీళ్లు పడేది సరిగ్గా వెనక సీటు పక్క, ముందు సీటు వెనక. పైన లైనింగ్ పొడిగా ఉండి కింద కార్పెట్ తడిగా ఉందంటే నా అనుమానం మొదట డ్రెయిన్ల మీదకే, అంటే ఆ రంధ్రాలు, గొట్టాల మీదకే పోతుంది.

పరీక్ష తేలిక. టాప్‌ని సగం దాకా లేపితే కాలువ కనబడుతుంది. కుడి పక్క రంధ్రంలో ఒక చిన్న గ్లాసుడు నీళ్లు, బకెట్ కాదు, మెల్లగా పోయండి. ఎవరినైనా కింద చూడమనండి. వెంటనే కారు అడుగున ధార పడాలి. పడకపోతే దొంగ దొరికినట్టే. ఎడమ పక్క కూడా అలాగే పోసి పోల్చుకోండి.

శుభ్రం చేయడానికి గడ్డి కోసే మిషన్లలో వాడే నైలాన్ తీగ బాగా పనికొస్తుంది. చివర నిప్పుతో కాస్త కరిగించి గుండ్రంగా చేయండి, గొట్టం గీసుకుపోదు. ఇనప తీగ వద్దు. కంప్రెసర్ గాలి అసలు వద్దు. గాలి ఒత్తిడికి లోపల గొట్టం జాయింటు దగ్గర ఊడిందంటే, రంధ్రం బయటికి శుభ్రంగానే కనబడుతుంది, నీళ్లు మాత్రం నేరుగా క్యాబిన్‌లోకి పోతాయి. ఆ గొట్టం మళ్లీ ఎక్కించాలంటే వెనక సీటు, పక్క ప్యానెళ్లు అన్నీ విప్పాలి.

గాలివాటం:

మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ఇది కార్పెట్‌తో ఆగే వ్యవహారం కాదు. కన్వర్టిబుళ్లలో ఎలక్ట్రానిక్ బాక్సులు చాలావరకు కిందే, సీటు కిందనో డిక్కీ మూలల్లోనో ఉంటాయి. పాత పోర్షె 986 బాక్స్‌టర్‌లో ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది), అలారం చూసే కంట్రోల్ యూనిట్ సీటు కిందే ఉంటుంది. డ్రెయిన్ మూసుకుని నేల మీద నీళ్లు నిలిస్తే బండి స్టార్టే అవదు. ఈ85 తరం బీఎండబ్ల్యూ జెడ్4లోనైతే టాప్ నడిపే హైడ్రాలిక్ మోటారు సరిగ్గా నీళ్లు దిగే చోటే కూర్చుని ఉంటుంది. అందుకే ఆ బండి కొనేవాళ్లు ఇంజన్ కంటే ముందు డ్రెయిన్ చూస్తారు. వేరే మోడళ్లవాళ్లు కూడా తమ బండిలో ఆ బాక్సులు ఎక్కడున్నాయో ఒకసారి కనుక్కుని పెట్టుకోండి.

నీలిమేఘం:

మాస్టారూ, చెప్పినట్టే చేశాను. ఎడమ పక్క పోసిన నీళ్లు పోసినట్టే కింద పడ్డాయి. కుడి పక్క పోస్తే అక్కడే నిలిచాయి, కింద ఒక్క చుక్క లేదు. నైలాన్ తీగ మెల్లగా తిప్పుతూ దింపితే మొదట ఏదో మెత్తగా అడ్డం తగిలింది, తర్వాత గుడగుడమని చప్పుడొచ్చి ఒక్కసారిగా నల్లనీళ్లు దిగాయి. కుళ్లిన ఆకుల వాసన. ఆ తర్వాత పోసినవన్నీ ధారగా పోతున్నాయి. సిలికాన్ మానుకున్నాను.

కార్పెట్ పైపైన ఆరింది, కానీ లోపల ఇంకా వాసన వస్తోంది. ఎండలో తలుపులు తీసి ఉంచితే సరిపోతుందా?

స్పానర్_మాస్టర్:

సరిపోదండీ. కార్పెట్ కింద మందంగా ఫోమ్ పరిచి ఉంటుంది. అది పీల్చిన నీళ్లు పైనుంచి ఆరవు. కార్పెట్ పొడిగా కనబడుతుంది, ఫోమ్‌ని నొక్కితే నీళ్లొస్తాయి. తలుపు గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ తీసి, కార్పెట్‌ని ఒక మూల నుంచి ఎత్తి, కింద చెక్కముక్క పెట్టి గాలి ఆడనివ్వండి. ముందు పాత తువాలుతో అదిమి తీయగలిగినంత నీరు తీసేయండి. మూసిన షెడ్డులో ఉంటే గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ పెట్టండి, చాలా తేడా ఉంటుంది. పూర్తిగా ఆరకుండా మూసేస్తే కింద రేకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

సీటు కింద కనెక్టర్లు కూడా చూడండి. పిన్నుల మీద పచ్చటి పొడిలాంటిది కనబడితే నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. పసుపు రంగు కనెక్టర్లను మాత్రం మీరు తీయొద్దు, అవి ఎయిర్‌బ్యాగులవి. బ్యాటరీ తీసేసి, ఆగాల్సినంత సేపు ఆగి, పని తెలిసినవాళ్లే వాటి మీద చెయ్యి వేయాలి.

వెన్నెల_ప్రయాణం:

గుడ్డ సంగతి నేను రాస్తాను. నాది గుడ్డ టాప్ బండే, ఇంట్లో పాత వినైల్ టాప్ బండి కూడా ఒకటుంది. రెండూ నా చేతుల్లోనే మెయింటెయిన్ అవుతున్నాయి.

మంచి గుడ్డ టాప్‌లో మూడు పొరలుంటాయి. పైన అక్రిలిక్ నేత, మధ్యలో పలచటి బ్యూటైల్ రబ్బరు పొర, లోపల కాటన్ లేదా పాలిస్టర్ గుడ్డ. నీటిని నిజంగా ఆపేది మధ్యలోని రబ్బరు. పైగుడ్డ మీద కొట్టే ఫ్యాబ్రిక్ ప్రొటెక్టెంట్ ఆ గుడ్డ నీళ్లు పీల్చకుండా, తొందరగా ఆరేలా చూస్తుంది, అంతే. దాన్ని ఎంత కొట్టినా లీకేజీ ఆగదు. అలాగని అది వేస్టు కూడా కాదు. పైగుడ్డ ఎప్పుడూ తడిగా ఉంటే నాచు పడుతుంది. ఆ నాచు వేళ్లు నేతలోకి దిగాక ఎంత రుద్దినా మొత్తం పోదు.

కడిగే ముందు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో నేత వాలు పట్టి దుమ్ము దులపండి, లేదా వాక్యూమ్ చేయండి. జనం ఎక్కువగా వదిలేసేది ఇదే. దుమ్ము ఉండగా నీళ్లు పోస్తే అది బురదై నేతలోకి దిగుతుంది. తర్వాత బాగా తడిపి, టాప్ కోసమే చేసిన షాంపూ గానీ ఘాటు లేని మామూలు సబ్బునీళ్లు గానీ వాడండి. బ్రష్‌ని గుండ్రంగా తిప్పకండి, గుడ్డ నూగు లేస్తుంది. మైనం కలిసిన కారు షాంపూ వద్దు, తెల్లటి చారలు పడతాయి. బ్లీచింగ్ వద్దు, కుట్టుదారం బలం చస్తుంది. మరక పోవట్లేదని పెట్రోలు, థిన్నర్ లాంటివి అస్సలు వద్దు, అవి పైగుడ్డ దాటి మధ్య రబ్బరును మెత్తబరుస్తాయి. చివర్లో నురగ పూర్తిగా పోయేదాకా కడగాలి. సబ్బు మిగిలితే నీరు జారదు, పైగా దుమ్మును అంటించుకుంటుంది.

పిట్టల రెట్ట పడితే ఎండాక గీకొద్దు. తడిబట్ట దాని మీద కాసేపు పరిచి ఉంచితే నానుతుంది, అప్పుడు ఎత్తి తీసేయాలి. చెట్టు జిగురు పడితే అది గట్టిపడేదాకా ఆగి, విరిచి తీయడం మేలు.

నీళ్లు పోసినప్పుడు చుక్కలుగా జారిపోతుంటే ప్రొటెక్టెంట్ అక్కర్లేదు. గుడ్డ ముదురు రంగుకు తిరిగి నీళ్లు పీలుస్తుంటే, అప్పుడు బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అద్దాలకూ పెయింటుకూ కాగితం అంటించి స్ప్రే చేయండి. వినైల్ టాప్‌కి ఈ స్ప్రే కాదు, దాని పూత వేరు. గుడ్డది వినైల్‌కీ, వినైల్‌ది గుడ్డకీ వాడకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యం, తడి టాప్ ముడవొద్దు. ముడతల మధ్య తడి నిలిచి బూజు పడుతుంది, మరకలు పడతాయి, కొన్ని గుడ్డలు ఆ ముడత దగ్గరే కుంచించుకుపోతాయి. దారిలో తప్పక ముడవాల్సి వస్తే ఇల్లు చేరగానే మళ్లీ లేపి, బిగించి ఆరబెట్టండి.

ఎర్రబండి:

> మెత్తటి బ్రష్‌తో నేత వాలు పట్టి...

అక్కా, మరీ అంత సున్నితంగా చూడక్కర్లేదేమో. నేను మొదటి నుంచీ ప్రెషర్ వాటర్‌తోనే కడుగుతున్నా, టాప్‌కి ఏమీ కాలేదు. బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లోకి మాత్రం పంపలేదు.

వెన్నెల_ప్రయాణం:

తమ్ముడూ, ఆటోమేటిక్ వాష్‌కి పంపకపోవడం మంచి పనే. ప్రెషర్ వాటర్ అసలు వాడకూడదని నేను అనను, దూరం ముఖ్యం అంటాను. నాజిల్ విసనకర్రలా విచ్చుకునే రకమై ఉండాలి, ధార గుడ్డ నుంచి కనీసం జానెడున్నర, రెండు జానల దూరంలో ఉండాలి. రెండు చోట్లకు మాత్రం అది పోనే కూడదు. ఒకటి కుట్లు, అక్కడ సూది చేసిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. రెండోది వెనక గాజు అద్దం అంచు. చాలా టాప్‌లలో ఆ అద్దం గుడ్డకు జిగురుతోనే అతికి ఉంటుంది. టాప్ ముడిచిన ప్రతిసారీ ఆ అతుకు మీద లాగుడు పడుతూనే ఉంటుంది. దానికి తోడు ధార తగిలితే ఒక మూల నుంచి విడిపోవడం మొదలవుతుంది. నీ బండి అద్దం కింది మూలలు ఒకసారి వేలితో మెల్లగా నొక్కి చూడు, అంచు కదలకూడదు.

ఎర్రబండి:

చూశానక్కా. ఎడమ కింది మూల కొద్దిగా లేచినట్టుంది, గోరు దూరుతోంది.

వెన్నెల_ప్రయాణం:

అయితే ఇక టాప్ తెరవడం ఆపు. అది అతికించే పని తెలిసినవాళ్లకు చూపించు. ఇప్పుడైతే ఆ మూల ఒక్కటే అతికిస్తే సరిపోవచ్చు. ముడుస్తూ పోతే అద్దమే ఊడి వస్తుంది. సూపర్ గ్లూ లాంటివి పెట్టొద్దు, అది ఆరాక గాజులా పెళుసు, ముడత దగ్గర విరుగుతుంది. అక్కడ సాగే జిగురు కావాలి.

రెండుసీట్లు:

గాజు కాకుండా ప్లాస్టిక్ అద్దం ఉన్న పాత బండ్ల వాళ్ల కోసం నేనూ చెబుతాను. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 లాంటివాటిలో వెనక కిటికీ జిప్‌తో ఊడుతుంది. టాప్ దించే ముందు జిప్ తీసి కిటికీని చదునుగా పడుకోబెట్టాలి. అలా చేయకపోతే ప్లాస్టిక్ అడ్డంగా మడతపడి, అక్కడే పసుపు గీత, తర్వాత పగులు. చలిలో ప్లాస్టిక్ బిరుసెక్కుతుంది కాబట్టి బాగా చలిగా ఉన్నప్పుడు దించనే కూడదు, వినైల్ టాప్‌కీ అదే సూత్రం. పొడిబట్టతో తుడవకండి. బాగా నీళ్లు పోసి, మెత్తటి బట్టతో నిలువుగా ఒకే దిశలో తుడవండి. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు దానికి విషం.

ఆయిల్_లెవెల్:

నీలిమేఘం గారు చెప్పిన రెండో సమస్య అందరూ మర్చిపోయారు. కుడి పక్క వెనకబడటం గురించి.

బటన్ టాప్‌లలో ఎక్కువ భాగం ఎలక్ట్రో హైడ్రాలిక్. ఎలక్ట్రిక్ మోటారు ఒక పంపును తిప్పుతుంది, పంపు నూనెను సిలిండర్లలోకి నెడుతుంది, సిలిండర్లు ఫ్రేమును లేపుతాయి. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు అన్నది సెన్సర్లు, మైక్రోస్విచ్‌లు చెబుతాయి. మొదట తలుపు అద్దాలు కాస్త దిగాలి, తర్వాత వెనక మూత తెరుచుకోవాలి, తర్వాత టాప్ లేవాలి, మూత మళ్లీ మూసుకోవాలి. ఈ గొలుసులో ఒక్క స్విచ్ "నా పని అయింది" అని చెప్పకపోయినా కంప్యూటర్ మొత్తం ఆపేస్తుంది. అందుకే టాప్ కదలట్లేదంటే పంపు పోయిందని వెంటనే అనుకోకండి. డిక్కీలో సామాను హద్దు చూపే పరదా సరిగ్గా దించి ఉందా, డిక్కీ పూర్తిగా పడిందా, బ్యాటరీ బాగుందా, ముందు ఇవి చూడండి. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

టాప్ కదులుతోంది గానీ మెల్లగా, ఒక పక్క వెనకబడి అంటే, నూనె తగ్గిందేమో చూడాలి. నూనె మట్టం చూసేటప్పుడు టాప్ ఏ స్థితిలో ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది, కొన్నిటికి తెరిచి, కొన్నిటికి మూసి. తప్పు స్థితిలో చూసి నింపితే టాప్ కదిలేసరికి పొర్లుతుంది. నూనె కూడా ఆ కంపెనీ చెప్పిన రకమే పోయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ పోశారా, లోపలి సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. ఇంకో సంగతి, ఈ వ్యవస్థ మూసి ఉన్నది. నూనె తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే. సిలిండర్ రాడ్ బయటికి వచ్చే చోట తెల్ల కాగితంతో తుడిచి చూడండి.

నీలిమేఘం:

తుడిచాను. కుడి పక్క ప్రధాన సిలిండర్ రాడ్ దగ్గర కాగితం మీద నూనె మరక పడింది. ఎడమ పక్కది శుభ్రంగా ఉంది. నూనె మట్టం కూడా కింది గీతకు దిగువనే ఉంది. అంటే సిలిండర్ మార్చాలా?

ఆయిల్_లెవెల్:

మార్చనక్కర్లేకపోవచ్చు. రాడ్ మీద గీతలు లేకపోతే సీళ్లు మార్చి సిలిండర్‌నే మళ్లీ వాడుకోవచ్చు, ఆ పని చేసేవాళ్లు ఉంటారు. విప్పి పంపేదాకా టాప్ ఎక్కువసార్లు ఆడించకండి. పంపు నూనె లేకుండా గాలి పీల్చుకుంటే వేడెక్కి చెడుతుంది. అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది.

నడిపేటప్పుడు కొన్ని అలవాట్లు చేసుకోండి. ఇంజన్ ఆన్‌లో ఉండగానే టాప్ ఆడించండి, మోటారు తీసుకునే కరెంటు తక్కువేం కాదు. బండి సమతలంగా ఉండాలి. ఒక చక్రం గట్టు మీద ఉంటే బాడీ సన్నగా మెలిపడుతుంది, కన్వర్టిబుల్‌లో ఆ మెలి ఎక్కువ, టాప్‌ని బిగించే లాచీలు తిన్నగా కూర్చోవు. పైన కొమ్మ, షెడ్డు కప్పు ఉందేమో చూసుకోండి, టాప్ లేచేటప్పుడు కారు ఎత్తుకు మించి పైకి పోతుంది. మొదలుపెట్టిన పని చివరిదాకా కానివ్వండి. సగంలో వదిలేస్తే కొంతసేపటికి ఒత్తిడి తగ్గి టాప్ దానంతటదే కిందికి దిగుతుంది, ఆ సమయంలో కింద చెయ్యి ఉంటే నలిగిపోతుంది. పిల్లలు వెనక సీట్లో ఉంటే వాళ్ల చేతులు ఒళ్లో ఉన్నాయో లేదో చూశాకే బటన్ నొక్కండి.

ఎర్రబండి:

బండి కదులుతుండగా తెరవొచ్చా? మా కంపెనీ వాళ్లు తెరవొచ్చనే చెప్పారు.

ఆయిల్_లెవెల్:

మోడల్‌ని బట్టి. ఆడి ఏ5 క్యాబ్రియొలే, పోర్షె 911 క్యాబ్రియొలేలలో 50 కిలోమీటర్ల వేగం దాకా ఒప్పుకుంటాయి. ఇప్పటి మినీ కన్వర్టిబుల్‌లో 30 దాకా. ఎంఎక్స్-5 ఆర్‌ఎఫ్ మాత్రం 10కే ఆగిపోతుంది. ఆ హద్దు లోపల చేస్తే బండికి హాని లేదు, కాదనను. నా అభిప్రాయం అడిగితే ఆపి చేయడమే మంచిది. సగం లేచిన టాప్ గాలికి తెరచాపే. కంపెనీ చెప్పిన వేగం మీ స్పీడోమీటరుది, ఎదురుగాలి వేగం అందులో కలవదు. పైగా ఆ పన్నెండు పదిహేను సెకన్లూ డ్రైవర్ కళ్లు అద్దంలో టాప్ మీదే ఉంటాయి.

గాలివాటం:

మా హార్డ్‌టాప్ వాళ్లకి ఈ బాధలు లేవు అనుకునేవాళ్లకి ఒక మాట. రేకు టాప్ ముడుచుకోవడం కొత్తేం కాదు, ప్యూజో 1930లలోనే ఎక్లిప్స్ పేరుతో అమ్మింది. ఫోర్డ్ స్కైలైనర్ 1957 నుంచి 1959 దాకా వచ్చింది. 1996 నాటి మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కేతో మళ్లీ ఊపందుకుంది. దొంగలు కోయలేరు, చలికి బాగుంటుంది, చప్పుడు తక్కువ, నిజమే. కానీ రెండు మూడు రేకు పలకలు, వాటి మధ్య ప్రతి చోటా రబ్బరు బీడింగ్. గుడ్డ టాప్‌లో లేనన్ని అతుకులు. డ్రెయిన్లు వీటికీ ఉంటాయి, మూసుకుపోవడం వీటికీ ఉంటుంది.

రబ్బరు_బీడింగ్:

నా పేరు తలుచుకున్నారు కాబట్టి వచ్చాను. బీడింగ్ ఎండిపోతే మొదట చప్పుడొస్తుంది, గుంతల్లో కిర్రుకిర్రుమని. తర్వాత ఈలలాంటి గాలి. నీళ్లు చివర్లో వస్తాయి. కిర్రుమన్నప్పుడే పట్టించుకుంటే సరి.

తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి, రబ్బరు కోసం చేసిన సిలికాన్ లేదా ఫ్లోరినేటెడ్ లూబ్రికెంట్ బట్ట మీద వేసుకుని పలచగా రాయండి. నేరుగా స్ప్రే చేస్తే అద్దాల మీదా గుడ్డ మీదా పడుతుంది. ఏడాదికి రెండు సార్లు చాలు. పెట్రోలియం గ్రీజు, వేసలిన్, ఇంజన్ ఆయిలు ఈ రబ్బరుకు పడవు, ఉబ్బి వదులవుతుంది.

బీడింగ్ సరిగ్గా నొక్కుకుంటోందో లేదో తెలియాలంటే, ఒక సన్నటి కాగితం ముక్క బీడింగ్‌కీ అద్దానికీ మధ్య పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా రావాలి. ఒక చోట బిగువుగా, ఇంకో చోట జారిపోతే బీడింగ్ కంటే ముందు అద్దం సర్దుబాటు చూడండి. కన్వర్టిబుల్ తలుపు అద్దాలకు చుట్టూ ఫ్రేము ఉండదు. తలుపు హ్యాండిల్ లాగగానే అద్దం కొద్ది మిల్లీమీటర్లు దిగుతుంది, మూశాక పైకెక్కి బీడింగ్‌లో దూరుతుంది. బ్యాటరీ తీసి పెట్టాక చాలా బండ్లు ఈ కొలత మర్చిపోతాయి. అద్దం పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించి, కాసేపు స్విచ్ అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంటాయి. ఆ పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. కొత్త బీడింగ్ వేయించాక కూడా నీళ్లు వస్తున్నాయంటూ వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ఇదే.

నీలిమేఘం:

ఇది నాకు తెలియనే తెలియదు. ధన్యవాదాలు. ఎండలో నడపడం, పార్కింగ్ గురించి కూడా ఎవరైనా చెప్పండి.

రెండుసీట్లు:

ఎండ మొదట మనిషికి. టాప్ తీసినప్పుడు గాలి తగిలి చల్లగా ఉంటుంది, అందువల్ల చర్మం కాలుతున్న సంగతి తెలియదు. మాడు, చెవుల పైభాగం, మెడ వెనక, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అన్నీ కాలతాయి. బిగుతుగా ఉండే టోపీ, సన్‌స్క్రీన్, నీళ్లు తప్పనిసరి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు టాప్ మూసి ఏసీ వేసుకోండి. కన్వర్టిబుల్ సుఖమంతా ఉదయం, సాయంత్రమే.

గాలి గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. అది ముందు నుంచి కంటే వెనక నుంచే ఎక్కువ కొడుతుంది. ముందద్దం మీంచి దూసుకుపోయిన గాలి వల్ల క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గుతుంది, వెనక నుంచి గాలి సుడి తిరిగి సీట్ల మధ్యగా ముందుకొస్తుంది. అందుకే పక్క అద్దాలు ఎత్తి, సీట్ల వెనక జల్లెడలాంటి విండ్ డిఫ్లెక్టర్ పెడితే మెడ దగ్గర గాలి చాలా తగ్గుతుంది. వెనక సీట్లో కూర్చునేవాళ్లకి మాత్రం ఆ సుఖం లేదు, హైవే మీద వాళ్లుంటే టాప్ మూసేయండి. కాగితాలు, కవర్లు సీట్ల మీద వదలకండి.

పార్క్ చేసేటప్పుడు టాప్ మూసే ఉంచండి, నీడ షెడ్డులో కూడా. వారాల తరబడి ముడిచి వదిలేస్తే ముడతలు స్థిరపడతాయి, మళ్లీ మూసినప్పుడు గుడ్డ బిగువు చాలదు. నీడ కోసమని చెట్టు కింద పెట్టకండి, ఆ ఆకులన్నీ మాస్టారు చెప్పిన కాలువలోకే. కవర్ కప్పితే గాలాడే రకం కప్పండి. బండి తడిగా ఉండగా ప్లాస్టిక్ పరదా కప్పితే లోపల ఆవిరి నిలిచి బూజు పడుతుంది. గుడ్డ టాప్‌ని కోయడానికి కత్తి ఒక్కటి చాలు కాబట్టి బ్యాగు గానీ ఫోను గానీ కనబడేలా వదలకండి. కొందరు టాప్ కోస్తారన్న భయంతో తలుపులు తాళం వేయకుండా వదిలేస్తారు. నేను అలా చేయను. బీమా వాళ్లు దాన్ని ఒప్పుకోకపోవచ్చు, పాలసీ చదవండి.

ఎర్రబండి:

ఇంకో డౌట్. వానలో సగం తెరుచుకుని ఆగిపోతే ఏం చేయాలి? రోడ్డు మీద మెకానిక్ దొరకడుగా.

స్పానర్_మాస్టర్:

మంచి ప్రశ్న, ఇంట్లో ఉన్నప్పుడే అడగాల్సిన ప్రశ్న. ముందు ఇంజన్ ఆపి, కొద్దిసేపు ఆగి, మళ్లీ స్టార్ట్ చేసి బటన్ పట్టుకుని చూడు. మోటారు వేడెక్కితే కాసేపు తనంతట తానే ఆగిపోతుంది, చల్లారాక పనిచేస్తుంది. అది కాకపోతే ఫ్యూజు. అదీ కాకపోతే చేత్తో మూయాలి.

చేత్తో మూసే పద్ధతి దాదాపు ప్రతి బండి మాన్యువల్‌లోనూ ఉంటుంది. సాధారణంగా పంపు దగ్గర ఒక వాల్వ్ ఉంటుంది, దాన్ని వదులు చేస్తే నూనె ఒత్తిడి దిగి ఫ్రేము చేతికి కదులుతుంది. వాల్వ్ వదిలేముందు టాప్ బరువు ఎవరైనా పట్టుకుని ఉండాలి, లేకపోతే ఒక్కసారిగా పడుతుంది. ఇద్దరు రెండు పక్కలా నిలబడి సమంగా లేపాలి. ఒకరే ఒక పక్క లాగితే ఫ్రేము వంగుతుంది, ఆ వంపు ఇక సరికాదు. వేళ్లు కీళ్ల మధ్య పెట్టకుండా గుడ్డ అంచున ఉన్న గట్టి పట్టీనే పట్టుకోండి. ముందు అంచు ముందద్దం మీద కూర్చున్నాక హెక్స్ కీ (ఆరు పలకల చివర ఉన్న చిన్న పనిముట్టు) తిప్పితే లాక్ పడుతుంది. లాక్ పడిందని చేత్తో ఊపి చూసుకున్నాకే బండి తీయాలి, అదీ మెల్లగా.

మాన్యువల్‌లో ఆ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకో. హెక్స్ కీని చాలామంది టూల్ కిట్‌తోపాటు డిక్కీలో ఉంచుతారు. టాప్ సగంలో ఆగితే కొన్ని బండ్లలో, ముఖ్యంగా హార్డ్‌టాప్‌లలో, డిక్కీయే తెరుచుకోదు. ఆ కీ గ్లవ్ బాక్స్‌లో ఉండాలి.

ఎర్రబండి:

మాస్టారూ, నా బండిలో కీ డిక్కీ ఫ్లోర్ కింద ఉంది. ఇప్పుడే తీసి ముందు పెట్టాను. వెనక అద్దం అతికించడానికి రేపు బండి ఇస్తున్నా, అప్పటిదాకా టాప్ ముట్టుకోను.